హీరో పక్కన నిలబడ్డవాళ్ళు

ఈమధ్య రాత్రిళ్ళు పాత హాలీవుడ్ సినిమాలు మళ్ళీ చూస్తున్నాను. కాలేజీ రోజుల్లో కొన్ని, పెళ్ళయిన కొత్తలో కొన్ని, పిల్లలు నిద్రపోయాక ఇంకొన్ని చూసినవే ఇవన్నీ. కథలు తెలుసు. ఎవరు ఎవర్ని చంపారో తెలుసు, ఆఖర్న విమానం ఎవరెక్కుతారో తెలుసు. కథ తెలిసిపోయాక కంటికి తీరిక చిక్కుతుంది. ఆ తీరికలో నా చూపు హీరో మీద నిలవడం లేదు, అతని భుజం వెనకున్న మనిషి మీదకి పోతోంది. టిఫిన్ తెచ్చిపెట్టే నర్సు, పియానో ముందు కూర్చున్న పాటగాడు, మెట్లెక్కుతూ కళ్ళు తుడుచుకునే దాసి. ఆ రోజుల్లో వాళ్ళ పేర్లు నాకు తెలియవు, తెలుసుకోవాలని తోచనూ లేదు. ఇప్పుడు ఒక్కొక్కరి పేరూ వెతికి పట్టుకుని, వాళ్ళు ఇంకా ఏయే సినిమాల్లో ఉన్నారో చూసుకుంటూ పోతున్నాను. ఆ సినిమాల్ని ఇన్నేళ్ళుగా నిలబెట్టినవాళ్ళలో వీళ్ళ వాటా చాలా పెద్దదని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

మాది సికింద్రాబాద్. 1970లలో మా ఊళ్ళో ఇంగ్లీషు సినిమా అంటే ముందు సంగీత్ థియేటర్ పేరే చెప్పేవాళ్ళు. రైల్వేలో గుమాస్తాగా చేరిన మా అన్నయ్యకి ఆ హాలంటే ప్రాణం. జీతం అందిన వారం నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. “ఆడపిల్లకి ఆ దొరల సినిమాలెందుకురా, ఏం అర్థమవుతాయని?” అని అమ్మ గొణిగేది. “ఇంగ్లీషు వస్తుందమ్మా” అనేవాడు అన్నయ్య. ఆ ఒక్క మాటకి అమ్మ మెత్తబడేది.

ముందు ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళ న్యూస్ రీలు పడేది. ఎక్కడో వరదలు, ఎక్కడో డ్యాము ప్రారంభోత్సవం. అదయ్యాక తెర మీద సింహం గర్జించేసరికి అన్నయ్య సర్దుకుని నిటారుగా కూర్చునేవాడు. అమెరికా వాళ్ళ మాట నాకు సగం కూడా అందేది కాదు. అన్నయ్య నా చెవి దగ్గరికి వంగి ముక్తసరిగా చెప్పేవాడు. “వాడు మోసం చేస్తున్నాడే.” “ఆవిడకి నిజం తెలిసిపోయింది.” అంతే. మిగతాదంతా మొహాలు చూసి గ్రహించుకోవలసిందే. నాకు నటన చూడడం అలవాటైంది అక్కడే. ఇప్పుడా హాలు లేదు. ఆ కూడలిని మాత్రం ఇవాళ్టికీ సంగీత్ చౌరస్తా అనే అంటారు.

మా తరం వాళ్ళతో ఇంగ్లీషు సినిమాల మాటెత్తితే ‘మెకన్నాస్ గోల్డ్’ రాకుండా ఉండదు. గ్రెగరీ పెక్, ఒమర్ షరీఫ్. 1969 నాటి సినిమా. అమెరికాలో ఆడలేదు. మన దేశంలో మాత్రం మళ్ళీ మళ్ళీ విడుదలై ఏళ్ళ తరబడి ఆడింది. పొద్దు పొడుస్తుంటే ఆ నిలువెత్తు రాతి స్తంభం నీడ సాగి సాగి ఎదురు కొండ మీదకి పాకి, బంగారు లోయకి దారి చూపించే చోట హాలంతా ఈలలు. ఆ స్తంభం నిజంగానే ఉంది, అరిజోనాలో కాన్యన్ డి షే అనే చోట. దాన్ని స్పైడర్ రాక్ అంటారు. మన దగ్గర ఈ గుర్రాల సినిమాల మోజు ఎంతవరకూ వెళ్ళిందంటే, 1971లో కృష్ణగారు పద్మాలయా బ్యానర్ మీద ‘మోసగాళ్ళకు మోసగాడు’ తీసేశారు. ఆరుద్ర రాశారు, కె.ఎస్.ఆర్. దాస్ డైరెక్టు చేశారు. మన ఊళ్ళ గోడల మీద కౌబాయ్ టోపీ పెట్టుకున్న కృష్ణ బొమ్మ చూసి మా అన్నయ్య ఎంత మురిసిపోయాడో చెప్పలేను.

ఆమధ్య ఆ ‘మెకన్నాస్ గోల్డ్’ మళ్ళీ పెట్టుకుని చూశాను. బంగారం సంగతి విని ఊరిపెద్దలంతా గుర్రాలెక్కి వచ్చి ముఠాలో కలుస్తారే, ఆ గుంపు దగ్గర ఆపి మొహాలు చూశాను. అప్పట్లో వాళ్ళు మాకు గుంపులో గోవిందయ్యలు. కాసేపు కనబడి పోయేవాళ్ళు. తీరా చూస్తే అందులో లీ జె. కాబ్ ఉన్నాడు, ఈలై వాలక్ ఉన్నాడు, రేమండ్ మాసీ, బర్జెస్ మెరెడిత్, ఆంథొనీ క్వేల్ ఉన్నారు. ఇక ఆ లోయని కళ్ళారా చూసి, ఆ నేరానికి కళ్ళే పోగొట్టుకున్న ముసలి ఆడమ్స్ వేషం ఎడ్వర్డ్ జి. రాబిన్సన్‌ది. 1930లలో గ్యాంగ్‌స్టర్ పాత్రలతో అమెరికాని ఊపేసిన మనిషి. ఒక్కొక్కరూ ఒక సినిమాని భుజాన మోయగలిగినవాళ్ళు. అందర్నీ ఒకే గుంపులో మా ముందు నిలబెట్టారన్నమాట. ఆ రాత్రి నుంచే నాకీ పేర్ల వేట పట్టుకుంది.

సంగీత్ తర్వాత నాకు పాత సినిమాలు దొరికింది టీవీలో. 1990ల నడుమ కేబుల్‌లో ఒక ఛానెల్ వచ్చేది, గుర్తుందా? పగలు కార్టూన్ నెట్‌వర్క్. పొద్దుగూకాక అదే ఛానెల్ టీఎన్‌టీగా మారిపోయి పాత హాలీవుడ్ సినిమాలు వేసేది. టామ్ అండ్ జెర్రీ అయిపోయిందని మా పిల్లలు మొహం ముడుచుకునేవాళ్ళు. వాళ్ళకి అన్నాలు పెట్టి పడుకోబెట్టి, వంటిల్లు సర్దుకుని వచ్చేసరికి సినిమా సగం అయిపోయేది. అలా ఎన్ని సినిమాలకి మొదటి సగం నాకు తెలియకుండా పోయిందో! ఇప్పుడు మొదటినుంచీ, కింద అక్షరాలు పెట్టుకుని, నచ్చిన చోట ఆపుకుని చూసే భాగ్యం కలిగింది.

ముందు థెల్మా రిట్టర్ గురించి చెప్పాలి. హిచ్‌కాక్ ‘రియర్ విండో’ 1954లో వచ్చింది. కాలు విరిగి, నడుము దాకా కట్టుతో కుర్చీకి అతుక్కుపోయిన ఫొటోగ్రాఫర్ జేమ్స్ స్టువర్ట్. పొద్దుపోక ఎదురిళ్ళ కిటికీల్లోకి చూస్తూ, ఒకాయన పెళ్ళాన్ని చంపేశాడేమోనని అనుమానపడతాడు. ఆ పెరడు, ఆ ఇళ్ళు, 31 వాటాలు, అన్నీ పారమౌంట్ స్టూడియోలో వేసిన సెట్టే. మొదటిసారి చూసినప్పుడు నా కళ్ళు గ్రేస్ కెల్లీ గౌన్ల మీంచి మరలలేదు. ఇప్పుడు నేను ఎదురుచూసేది స్టెల్లా కోసం. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున రోజూ వచ్చి, అతని ఒళ్ళు పట్టి, తిండి పెట్టి వెళ్ళే నర్సు. గడప దాటుతూనే చీవాట్లు మొదలు. పక్కింట్లోకి తొంగిచూడడం తప్పని తిట్టిన మనిషే కాసేపటికి బైనాక్యులర్స్ అందుకుంటుంది.

అందులో ఒక టిఫిన్ ఘట్టం ఉంది. ఆవిడ గుడ్లూ బేకనూ పళ్ళెంలో పెట్టి అతని ఒళ్ళో ఉంచి, కిటికీలోంచి ఎదురింటివాణ్ణే చూస్తూ, పెళ్ళాన్ని ఎక్కడ పెట్టి కోసుంటాడో అని లెక్కలు వేస్తుంది. స్నానాలతొట్టిలోనే అయ్యుంటుంది, నెత్తురు కడిగెయ్యడానికి వీలుగా ఉంటుంది అని తనే తేల్చేస్తుంది. స్టువర్ట్‌కి ఇక ముద్ద దిగదు. ఆవిడ గొంతులో భయం, జుగుప్స ఏమీ ఉండవు. బజార్లో వంకాయలు ఏరుకునే మనిషి శ్రద్ధ ఉంటుంది. హత్య జరిగిందని నాకు నమ్మకం కలిగేది అక్కడే. పొయ్యి దగ్గరా రోగుల దగ్గరా జీవితం గడిపిన మనిషి నమ్మితే మనమూ నమ్ముతాం. కథ మొత్తానికి నేల లాంటి పాత్ర అది.

రిట్టర్ బ్రూక్లిన్‌లో పుట్టింది. నాటకాలు వేసి, రేడియోలో చేసి, సినిమాకి వచ్చేసరికి 45 ఏళ్ళు. 1947లో ‘మిరకిల్ ఆన్ 34త్ స్ట్రీట్’లో, పండగ కొనుగోళ్ళతో అలిసిపోయిన తల్లిగా చిన్న వేషం. తెర మీద పేరు కూడా పడలేదు. అక్కణ్ణుంచి 15 ఏళ్ళలో సహాయనటి ఆస్కార్‌కి 6 సార్లు నామినేషన్ వచ్చింది. ఒక్కసారీ బహుమతి రాలేదు.

ఆ ఆరింట్లో ఒకటి 1953 నాటి ‘పికప్ ఆన్ సౌత్ స్ట్రీట్’. శామ్యూల్ ఫుల్లర్ తీసిన సినిమా. అందులో ఆవిడ మో అనే ముసలమ్మ. వీధుల్లో మెడటైలు అమ్ముకుంటుంది, పోలీసులకి ఆచూకీలు అమ్ముకుంటుంది. డాలరు డాలరూ కూడబెడుతుంది. దేనికీ అంటే, చచ్చాక దిక్కులేని శవాల్ని పూడ్చే చోట తనని పడెయ్యకుండా, ఒక మర్యాదైన జాగాలో, పేరు చెక్కిన రాయి కింద పడుకోవడానికి. ఒక రాత్రి ఒళ్ళంతా అలిసిపోయి గదికొస్తుంది, గ్రామఫోను మీద రికార్డు పెట్టుకుంటుంది. చూస్తే మంచం దగ్గర హంతకుడు. అతనికి కావలసిన ఆచూకీ ఆవిడ చెప్పదు. బతిమాలదు, అరవదు. ఎంత అలిసిపోయానో చెబుతుంది, పొద్దున్నే లేచి మళ్ళీ వీధులు తిరగవలసిన బతుకుని గురించి చెబుతుంది. కాల్చేస్తే మేలు చేసినవాడివవుతావు అన్నట్టు మాట్లాడుతుంది. కెమెరా నెమ్మదిగా ఆవిణ్ణి వదిలి గ్రామఫోను వైపు జరుగుతుంది. రికార్డు చివరికొస్తుంది. తుపాకీ పేలుతుంది. మర్నాడు అనాథ శవాలతో వెళ్తున్న పడవలోంచి ఆవిడ పెట్టెని రిచర్డ్ విడ్‌మార్క్ వెనక్కి తీసుకొస్తాడు, తనే పూడ్చిపెట్టిస్తానని.

ఆ ఏడు సహాయనటి ఆస్కార్ డోనా రీడ్‌కి వెళ్ళింది. డోనా రీడ్ అంటే నాకు చాలా ఇష్టం. అయినా ఆ బహుమతి రిట్టర్‌దే అంటాను, ఎవరితోనైనా వాదిస్తాను.

‘కాసాబ్లాంకా’ నేను టీఎన్‌టీలోనే చూశాను. అప్పుడు నాకు అది హంఫ్రీ బోగార్ట్, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ ప్రేమకథ. ఇప్పుడు చూస్తే, బోగార్ట్ వేసిన రిక్ అనే మనిషి నడిపే హోటల్లో ప్రతి బల్ల దగ్గరా ఒక నిజమైన కథ కూర్చుని ఉంది. 1942లో, యుద్ధం నడుస్తుండగానే తీసిన సినిమా. నాజీల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళ కథ. అందులో వేషాలు వేసినవాళ్ళు చాలామంది నిజంగా పారిపోయి వచ్చినవాళ్ళే.

జూదపు బల్ల దగ్గర చక్రం తిప్పే ఎమిల్ వేషం మార్సెల్ డాలియోది. ఫ్రాన్స్‌లో జాన్ రెన్వార్ సినిమాల్లో ముఖ్యపాత్రలు వేసిన పెద్ద నటుడు. యూదుడు. జర్మన్లు పారిస్‌లోకి వస్తుంటే 1940లో పెళ్ళాంతో కలిసి పారిపోయాడు. అతను వెళ్ళిపోయాక, యూదులు ఎలా ఉంటారో చూసుకోండంటూ జర్మన్లు అతని మొహాన్నే పోస్టర్ల మీద వేశారు. అలాంటి మనిషి అమెరికా వచ్చి రెండు మూడు మాటల వేషంలో చక్రం తిప్పుతున్నాడు. అతని భార్య మడలీన్ లెబో కూడా అదే సినిమాలో ఉంది, బోగార్ట్ పట్టించుకోని అమ్మాయి ఇవాన్‌గా. తిండి బల్లల మధ్య తిరిగే లావుపాటి కార్ల్ వేషం వేసిన ఎస్.జెడ్. సకాల్ హంగేరీ యూదుడు. అతని అక్కచెల్లెళ్ళు ముగ్గురు నాజీ క్యాంపుల్లో పోయారు. ఇక నాజీ మేజర్ స్ట్రాసర్‌గా మనకి వొళ్ళు మండేలా చేసిన కాన్రాడ్ ఫైట్ జర్మనీలో పేరుమోసిన నటుడు, యూదురాలైన భార్యతో 1933లోనే దేశం వదిలేశాడు. తన దేశాన్ని పాడుచేసినవాళ్ళ వేషాలే వెయ్యాల్సి వచ్చింది. సినిమా వచ్చిన మరుసటి ఏడు, 50 ఏళ్ళకే పోయాడు.

ఇదంతా తెలిసి ఆ పాటల పోటీ ఘట్టం చూడండి. జర్మన్ అధికారులు పియానో చుట్టూ చేరి గొంతెత్తి తమ పాట పాడుతుంటారు. నాజీల్ని ఎదిరించే నాయకుడు, బెర్గ్‌మన్ మొగుడు విక్టర్ లాజ్లో విసవిసా మెట్లు దిగి వచ్చి, ఫ్రెంచి జాతీయగీతం వాయించమని బ్యాండు వాళ్ళతో అంటాడు. వాళ్ళు బోగార్ట్ వైపు చూస్తారు. బోగార్ట్ కొద్దిగా తల ఊపుతాడు. అంతే. హోటలంతా లేచి పాడుతుంది, జర్మన్ల గొంతులు మునిగిపోతాయి. అక్కడ మడలీన్ లెబో మొహం దగ్గరగా చూపిస్తారు. పాడుతుంటే బుగ్గల మీదుగా కన్నీళ్ళు కారుతుంటాయి. అప్పటికి ఆ పిల్లకి ఇరవయ్యేళ్ళు నిండలేదు, తన ఊరు జర్మన్ల చేతిలో ఉంది. ఆ కన్నీళ్ళలో నటన ఎంతో నేను చెప్పలేను. ఆ సినిమాలో పేరు పడినవాళ్ళందరిలోకీ చివరిదాకా బతికింది ఆవిడే. 2016లో పోయింది.

హోటల్ పాటగాడు శామ్ వేషం వేసిన డూలీ విల్సన్ సంగతి కూడా చెప్పాలి. ఆ పియానో మీద అతని వేళ్ళు చూసి మా అన్నయ్య పరవశించిపోయేవాడు. విల్సన్ అసలు డ్రమ్స్ వాయించేవాడట, పియానో రాదు. కెమెరాకి కనబడని చోట కూర్చుని ఇలియట్ కార్పెంటర్ వాయిస్తుంటే, ఆయన చేతుల్ని చూస్తూ విల్సన్ తన చేతులు ఆడించాడు. గొంతు మాత్రం విల్సన్‌దే. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ తనకీ రిక్‌కీ ఇష్టమైన పాత పాట పాడమని అడిగినప్పుడు అతను తప్పించుకోవాలని చూసే చూపు ఉందే, రిక్ గుండెకి తగిలిన దెబ్బ ఎంతదో మనకి బోగార్ట్ కంటే ముందు ఆ చూపే చెప్పేస్తుంది. ఫోన్లో అన్నయ్యకి ఈ పియానో సంగతి చెబితే, “అయితే ఏంటే, వాయించినట్టే ఉంది కదా!” అన్నాడు. నిజమే.

పాట అయిన వెంటనే మేజర్ గారి ఆజ్ఞ మీద హోటల్ మూయించాలి. సాకు కావాలి కదా. ఇక్కడ జూదం ఆడుతున్నారా, ఎంత ఘోరం, అని పోలీసు కెప్టెన్ నిర్ఘాంతపోతాడు. ఆ క్షణంలోనే డాలియో వచ్చి, మీరు గెలిచిన డబ్బండీ అని ఆయన చేతిలో పెడతాడు. ఆ కెప్టెన్ రెనో క్లాడ్ రెయిన్స్. ఈయన గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. లండన్‌లో పేదింట్లో పుట్టాడు, చిన్నప్పుడు మాట సరిగ్గా పలికేది కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువు తగిలి ఒక కన్ను దాదాపు పోయింది. అలాంటి మనిషి గొంతుతోనే పైకొచ్చాడు. 1933లో ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’లో సినిమా అంతా గొంతే, మొహం ఆఖర్న గానీ కనబడదు. హిచ్‌కాక్ ‘నొటోరియస్’ (1946)లో ఈయన నాజీల ముఠా మనిషి. బెర్గ్‌మన్‌ని నిజంగా ప్రేమించి పెళ్ళాడి, ఆవిడ గూఢచారి అని తెలుసుకుంటాడు. ఆఖర్న క్యారీ గ్రాంట్ ఆవిణ్ణి పట్టుకుని నడిపిస్తూ మెట్లు దిగి కారెక్కి తలుపు వేసుకుంటాడు. ఈయన వెనక్కి తిరిగి, లోపల కాచుకుని ఉన్న సహచరుల వైపు మెట్లెక్కాలి. వాళ్ళు చంపేస్తారని తెలుసు. ఆ నడకలో నాకు జాలి పుట్టింది, నాజీ మీద! హీరో హీరోయిన్లు కారులో క్షేమంగా వెళ్ళిపోయినా నా ప్రాణం ఆ మెట్ల మీదే ఉండిపోయింది. రెయిన్స్‌కి నాలుగు నామినేషన్లు. ఈయనకీ ఆస్కార్ రాలేదు.

వచ్చినవాళ్ళ కథ అంతకంటే కష్టంగా ఉంటుంది ఒక్కోసారి. ‘గాన్ విత్ ద విండ్’ (1939) మా కాలేజీలో ఆడపిల్లలందరికీ పిచ్చి. వివియన్ లీ కళ్ళు, క్లార్క్ గేబుల్ మీసం. ఆ సినిమా బానిసత్వాన్ని చూపించిన తీరు ఇప్పుడు మింగుడుపడదు, నల్లవాళ్ళని యజమానుల సుఖం కోసమే పుట్టినట్టు చూపించారు. ఆ పరిధిలోనే హ్యాటీ మెక్‌డేనియల్ ఏం చేసిందో చూడాలి. ఆవిడ తల్లిదండ్రులిద్దరూ బానిసలుగా పుట్టినవాళ్ళు.

గేబుల్ కూతురు గుర్రం మీంచి పడి చచ్చిపోతుంది. దాసి మామీ వేషం వేసిన మెక్‌డేనియల్, ఒలీవియా డి హావిలాండ్‌ని వెంటబెట్టుకుని ఆ పెద్ద ఇంటి మెట్లెక్కుతుంది. ఎక్కుతూ జరిగిందంతా చెబుతుంది. ఆయన గుర్రాన్ని కాల్చేశాడు, మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు ఎంతెంత మాటలన్నారో, బిడ్డకి చీకటంటే భయమని పాతిపెట్టనివ్వడం లేదు. కెమెరా వాళ్ళతో పాటే మెట్లెక్కుతుంది. మనకి ఆ బిడ్డా కనబడదు, గేబులూ కనబడడు, ఆ ఇల్లు కూలిపోయిన వైనమంతా ఒక మనిషి గొంతులోంచే తెలుస్తుంది. ఒక్కో మెట్టుకీ గొంతు వణుకుతుంది, చేత్తో కళ్ళు తుడుచుకుంటుంది, మళ్ళీ మాట అందుకుంటుంది. నాలుగు గంటల సినిమాలో ఇంత గొప్ప నటన ఇంకెక్కడా లేదు.

1939 డిసెంబరులో ఆ సినిమా అట్లాంటాలో అట్టహాసంగా విడుదలైంది. అక్కడి జాతి విభజన వల్ల ఆవిడ ఆ ప్రదర్శనకి వెళ్ళే వీల్లేకపోయింది. 1940 ఫిబ్రవరి 29న లాస్ ఏంజెలెస్‌లో ఆస్కార్ సభ. నల్లవాళ్ళని రానివ్వని హోటల్లో, నిర్మాత సెల్జ్‌నిక్ అడిగితే ఆవిణ్ణి రానిచ్చారు. సాటి నటుల బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు, గోడవారగా వేరే బల్ల వేశారు. అక్కణ్ణుంచి లేచి వెళ్ళి బహుమతి అందుకుంది. ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి మనిషి. ఆ పోటీలో ఓడినవాళ్ళలో మెట్ల మీద పక్కన నడిచిన డి హావిలాండ్ కూడా ఉంది. అంత గెలుపు తర్వాతా ఆవిడకి దాసి వేషాలే ఇచ్చారు. 1952లో పోయినప్పుడు, తను కోరుకున్న హాలీవుడ్ శ్మశానంలో చోటివ్వలేదు, నల్లమనిషని. 1999లో అక్కడ ఒక స్మారకరాయి పెట్టారు. హోవర్డ్ యూనివర్సిటీకి ఆవిడ రాసిచ్చిన ఆ బహుమతి ఫలకం ఏమైపోయిందో తెలియలేదు. 2023లో అకాడమీ మరొకటి చేయించి ఇచ్చింది. అప్పటికి ఆవిడ గెలిచి ఎనభై ఏళ్ళు దాటింది.

థామస్ మిచెల్ పేరు చెబితే గుర్తుపట్టేవాళ్ళు ఇప్పుడు తక్కువ. మొహం చూస్తే మాత్రం “ఓ, ఈయనా!” అంటారు. 1939 ఒక్క ఏడాదిలో ఈయనవి ఐదు సినిమాలు వచ్చాయి. ‘గాన్ విత్ ద విండ్’లో వివియన్ లీ తండ్రి, ‘స్టేజ్‌కోచ్’లో తాగుబోతు డాక్టరు, ఇంకా మూడు. స్టూడియోల కాలం అది, నటుల్ని ఒప్పందాల మీద కట్టిపడేసి సినిమా తర్వాత సినిమా తీసేవాళ్ళు. మద్రాసులో మన విజయా వాళ్ళు రామారావుగారిని నెలజీతం మీద పెట్టుకున్నారు కదా, ఆ పద్ధతే. మన పాత సినిమాల్లో గుమ్మడి, రేలంగి, సూర్యకాంతం వరసగా కనబడుతూ మన ఇంటివాళ్ళయిపోయింది కూడా అలాగే.

మిచెల్‌ని నేను ఎక్కువ ఇష్టపడేది ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ (1946)లో. హీరో స్టువర్ట్‌కి బాబాయి బిల్లీ. మతిమరుపు, గుర్తు కోసం వేళ్ళకి దారాలు కట్టుకుంటాడు. బ్యాంకులో కట్టవలసిన 8,000 డాలర్లు పేపర్లో చుట్టి, ఆ పేపర్ని తీసుకెళ్ళి ఊరి దుర్మార్గుడి చేతిలోనే పెడతాడు. డబ్బు పోయిన రాత్రి బల్ల మీద తల వాల్చి ఏడుస్తుంటే ఆయన పెంచుకునే ఉడుత చేతి మీదకి పాకుతుంది. అదే సినిమాలో ఇంకో చోట తాగి తూలుతూ కెమెరాలోంచి పక్కకి వెళ్ళిపోతాడు, ఏదో దబ్బున పడిన చప్పుడు. సెట్లో ఎవరో నిజంగానే సామాను పడేశారు. మిచెల్ ఏమాత్రం తడుముకోకుండా, నాకేం కాలేదు అని అక్కణ్ణుంచే అరిచాడు. స్టువర్ట్ నవ్వేశాడు. డైరెక్టర్ కాప్రా దాన్ని అలాగే ఉంచేశాడు. ఆ నవ్వు ఎంత సహజంగా ఉంటుందో ఈసారి గమనించండి.

లీ జె. కాబ్ సంగతి కొంచెం చెప్పి ఊరుకుంటాను, ఆయన గురించి వేరే రాయాలి. ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ (1957)లో హత్యకేసు తేల్చడానికి ఒక్క గదిలో కూర్చున్న పన్నెండు మంది జ్యూరీ సభ్యులు. సినిమా సాగేకొద్దీ కెమెరాని కిందకి దించుతూ, లెన్సులు మారుస్తూ గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు చేశాడు సిడ్నీ లూమెట్. అందరూ హెన్రీ ఫాండాని తలుచుకుంటారు. ఆఖర్న కొడుకు ఫొటో చింపేసి, చింపాక కుప్పకూలిపోయే కాబ్ లేకపోతే ఫాండా గెలుపుకి బరువెక్కడిది? సంగీత్‌లో మేం చూసిన ఆ ఊరిపెద్దల గుంపులో పత్రికాఫీసు ఎడిటరు ఈయనే.

గ్రెగరీ పెక్‌కి ఆస్కార్ తెచ్చిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ (1962)లోనూ అంతే. చెయ్యని నేరానికి బోనెక్కిన టామ్ రాబిన్సన్‌గా బ్రాక్ పీటర్స్ సాక్ష్యం చెబుతూ ఏడుస్తాడు. తన గొంతు పూడుకుపోకుండా ఉండాలని పీటర్స్ కళ్ళలోకి కాకుండా పక్కకి చూస్తూ నటించానని పెక్ చెప్పుకున్నాడు. 2003లో పెక్ అంత్యక్రియల్లో ఆయన గురించి మాట్లాడింది ఆ పీటర్సే.

నిన్న ‘మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్’ పెట్టుకున్నాను. 1939 సినిమా, కాప్రాదే. స్టువర్ట్ హీరో, కుర్ర సెనేటర్. ఆయన తల్లిగా బ్యూలా బాండీ, ఈవిడ ఎన్ని సినిమాల్లో స్టువర్ట్‌కి తల్లిగా వేసిందో! విలేకరిగా థామస్ మిచెల్. తప్పు చేసి లోపల కుళ్ళిపోతున్న సెనేటర్‌గా క్లాడ్ రెయిన్స్. సభాధ్యక్షుడి కుర్చీలో హ్యారీ కేరీ, మూగసినిమాల నాటి కౌబాయ్ హీరో. ఈయనకి మాటలు చాలా తక్కువ. కింద స్టువర్ట్ గొంతు పోయేదాకా మాట్లాడుతుంటే పైనుంచి చూస్తూ, పైకి రానివ్వని ఒక చిన్న నవ్వు నవ్వుతాడు. ఈ పిల్లాడి పక్షాన ఒక్కడైనా ఉన్నాడని ఆ నవ్వు వల్లే మనకి తెలుస్తుంది. ఆ ఏడు సహాయనటుడి ఆస్కార్‌కి రెయిన్స్, కేరీ ఇద్దరూ పోటీలో ఉన్నారు. ఇద్దర్నీ దాటి గెలిచింది మిచెల్, ‘స్టేజ్‌కోచ్’ డాక్టరుకి. ఆ ‘స్టేజ్‌కోచ్’ నేనింకా పూర్తిగా చూడలేదు. టీఎన్‌టీలో ఆఖరి అరగంట చూశానంతే. ఈ ఆదివారం మొదటినుంచీ చూడాలి.